చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్: కొలెస్ట్రాల్ మీద అనుమానం ఎలా మొదలైంది?

అనుమానం మొదట రక్తంలోని కొవ్వు మీద కాదు, తినే కొవ్వు మీద. 1975లో ఆర్మ్‌స్ట్రాంగ్, డాల్ అనే పరిశోధకులు వేర్వేరు దేశాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూశారు. తలసరి కొవ్వు వాడకం ఎక్కువున్న దేశాల్లోనే రొమ్ము క్యాన్సరూ ఎక్కువ. అయితే ఆ దేశాల్లో కాన్పులు ఆలస్యం, పిల్లలూ తక్కువే; ముప్పు పెంచేవాటిలో అవీ ఉన్నాయి కాబట్టి తప్పు కొవ్వుదేనని చెప్పలేం. 1987లో అమెరికాలో 89,538 మంది నర్సులను నాలుగేళ్లు గమనించిన అధ్యయనంలో తిన్న కొవ్వుకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు.

రక్తం సంగతి ఇంకా చిక్కుముడి. కొలెస్ట్రాల్ తక్కువున్నవాళ్లకే క్యాన్సర్లు ఎక్కువ వస్తున్నాయని 1980ల్లో కొన్ని అధ్యయనాలు చెప్పడంతో వైద్యులు కంగారుపడ్డారు. తక్కువ కొలెస్ట్రాల్ వల్ల జబ్బు వస్తోందా, లేక బయటపడని జబ్బే కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తోందా? దీన్ని తేల్చే దారిని 1986లో నెదర్లాండ్స్ పరిశోధకుడు మార్టిన్ కటాన్ లాన్సెట్ వైద్య పత్రికకు రాసిన చిన్న లేఖలో చూపారు. రక్తంలో కొవ్వుల రవాణాకు తోడ్పడే అపోఈ జన్యువులో ఈ2 రకం ఉన్నవాళ్లకు పుట్టుకతోనే కొలెస్ట్రాల్ తక్కువ. తక్కువ కొలెస్ట్రాలే కారణమైతే రోగుల్లో ఈ2 ఎక్కువగా కనబడాలి, ఎందుకంటే జబ్బు వచ్చి జన్యువును మార్చలేదు. పుట్టుకతో వచ్చిన జన్యు తేడాలతో కారణాన్ని వెతికే నేటి మెండీలియన్ రాండమైజేషన్‌కు మూలం ఈ ఆలోచనే. ఈ పద్ధతిలో 2018లో వచ్చిన ఒక విశ్లేషణలో చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌తో పాటు, మంచిదని పేరున్న హెచ్‌డీఎల్ కూడా రొమ్ము క్యాన్సర్ ముప్పును కాస్త పెంచేవైపే కనబడింది.

2013లో డ్యూక్ విశ్వవిద్యాలయం బృందం ఒక యంత్రాంగం చూపింది. కొలెస్ట్రాల్ నుంచి శరీరం తయారుచేసే 27-హైడ్రాక్సీకొలెస్ట్రాల్ ఈస్ట్రోజెన్‌లా పనిచేసి ఎలుకల్లో కణుతులను పెంచింది. నెలసరి ఆగిపోయాక ఇది ముఖ్యం కావచ్చు. అండాశయాలే దండిగా ఈస్ట్రోజెన్ ఇస్తున్న వయసులో దీని వాటా ఎంతన్నది వేరే ప్రశ్న.

చిన్న వయసు లెక్కల్లో మరో మెలిక ఉంది. 2018లో 7,58,592 మంది సమాచారం కలిపి చూస్తే, 18–24 ఏళ్లప్పుడు బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చెప్పే సూచిక) ఎక్కువున్నవారికి నెలసరి ఆగకముందు వచ్చే రొమ్ము క్యాన్సర్ తక్కువ. బరువు ఎక్కువైతే రక్తంలోని మరో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లూ పెరుగుతాయి కదా. బరువు ప్రభావాన్ని లెక్కలోంచి తీసేయకపోతే ట్రైగ్లిజరైడ్లే కాపాడుతున్నట్టు భ్రమ కలుగుతుంది. బరువు పెంచుకోవాలని దీని అర్థం కానే కాదు: నెలసరి ఆగాక ఆ బరువే ముప్పు పెంచుతుంది.

కొవ్వుల రక్తపరీక్ష (లిపిడ్ ప్రొఫైల్) రిపోర్టు ఒక్కటి పట్టుకుని తేల్చకూడదనడానికి కొలతలోనూ కారణాలున్నాయి. అండం విడుదలయ్యాక ఎల్‌డీఎల్ కొంత తగ్గుతుంది కాబట్టి పోల్చాలంటే నెలసరిలో అదే దశలో రక్తం ఇవ్వాలి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ట్రైగ్లిజరైడ్లను పెంచుతాయి. గర్భంతో ఉన్నప్పుడు అవి రెండు మూడింతలవుతాయి. ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 400 మి.గ్రా. దాటితే, వాటిని 5తో భాగించి ఎల్‌డీఎల్ కట్టే పాత సూత్రం తప్పుతుంది. అప్పుడు నేరుగా కొలవమని ల్యాబ్‌ను అడగాలి.

రొమ్ములో గడ్డ తగిలితే లిపిడ్ ప్రొఫైల్ ఎంత బాగున్నా పరీక్ష వాయిదా వేయొద్దు. 30 ఏళ్ల లోపువారికి సాధారణంగా ముందు అల్ట్రాసౌండ్ చేస్తారు. కణజాలం దట్టంగా ఉండటంతో మామోగ్రామ్‌లో గడ్డ మరుగున పడిపోవచ్చు. అనుమానం మిగిలితే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.