నానోకణం పడితే ద్రవ స్ఫటికం ఏమవుతుంది?

ద్రవంలా పారుతూనే అణువులు స్ఫటికంలో లాగా వరుసకట్టి ఉండే పదార్థం ద్రవ స్ఫటికం. అందులో మలినం పడితే ఆ వరుస చెడుతుందని ఎవరైనా అనుకుంటారు. మామూలు మలినాల విషయంలో అది నిజమే. నానోకణాల (మీటరులో వందకోట్లవ వంతైన నానోమీటర్లలో కొలిచే కణాల) దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క తారుమారవుతోంది. కొన్ని మిశ్రమాల్లో క్రమం తగ్గింది, కొన్నింటిలో పెరిగింది. కణం దేనితో తయారైందన్న దానికంటే అది ఎంత ఉంది, దాని ఒంటి మీద ఏ పూత ఉంది అన్నవే చాలాసార్లు ఫలితాన్ని తేలుస్తాయి.

1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ రైనిట్సర్ కొలెస్టరిల్ బెంజోయేట్ అనే పదార్థాన్ని వేడి చేస్తే అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా మారింది, 178.5 డిగ్రీల దగ్గర తేటపడింది. ఆ మబ్బు ద్రవమే ద్రవ స్ఫటికం. వీటిలో అతి సాదాది నెమాటిక్ దశ. ఏటిలో కొట్టుకుపోయే దుంగల్లా పొడవాటి అణువులు ఎటుపడితే అటు జరుగుతూనే దాదాపు ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. ఆ ‘దాదాపు’ ఎంతో చెప్పడానికి ఒక సంఖ్య ఉంది. దిక్కూ తెన్నూ లేకపోతే 0, అన్నీ ఒకే దిశలో నిలిస్తే 1. నెమాటిక్‌లో ఇది సాధారణంగా 0.3 నుంచి 0.7 దాకా ఉంటుంది. ప్రయోగశాలల్లో అందరూ వాడే 5సీబీ అనే పదార్థం అణువు పొడవు 2 నానోమీటర్లకు అటూ ఇటూ. 35 డిగ్రీలు దాటగానే దాని వరుస చెదిరి మామూలు ద్రవమైపోతుంది.

ఇందులో ఒక కణాన్ని వేద్దాం. కణం ఉపరితలం తన పక్కనున్న అణువులను ఒక కోణంలో నిలబెట్టాలని చూస్తుంది. చుట్టూ ఉన్న ద్రవమేమో వంగడానికి ఒప్పుకోదు, దానికంటూ ఒక స్థితిస్థాపకత ఉంది. ఎవరి మాట నెగ్గుతుందో తేల్చేది ఒక దూరం. స్థితిస్థాపకతను ఉపరితలం పట్టుతో భాగిస్తే వచ్చేదే అది, సుమారు 100 నానోమీటర్ల నుంచి కొన్ని మైక్రాన్ల దాకా ఉంటుంది. కణం అంతకంటే పెద్దదైతే చుట్టూ అణువులు వంకర తిరిగి లోపాలు, అంటే వరుస తెగిపోయే చోట్లు, పుడతాయి. 5 నానోమీటర్ల కణం ఎంత పట్టు పట్టినా ద్రవం వంగదు, దాన్ని కలుపుకుని పోతుంది.

అయితే నానోకణాలు ఒంటరిగా ఉండవు, అదే పెద్ద తలనొప్పి. పూత సరిపడకపోతే ముద్దకడతాయి. ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు ధ్రువణ ఫలకాల (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే పలకల) మధ్య మైక్రోస్కోప్‌లో చూస్తే ఈ తంతు కళ్లకు కడుతుంది. వేడిగా ఉన్నప్పుడు అణువులకు వరుస ఉండదు కాబట్టి తెర నల్లగా ఉంటుంది. నెమ్మదిగా చల్లారుస్తుంటే మెరిసే నెమాటిక్ చుక్కలు పుట్టి పెరుగుతాయి. వరుసకట్టిన భాగం కణాలను బయటికి నెడుతుంది, అవి ఇంకా వరుసకట్టని సందుల్లోకి చేరి వలలా పేరుకుంటాయి. ముద్ద మైక్రాన్ల సైజుకు చేరిందంటే అది ఇక నానోకణం కిందికి రాదు. అందుకే ఇలాంటి పరిశోధన ఏది కనిపించినా కణాలు విడివిడిగా ఉన్నాయని ఎలా నిరూపించారో నేను ముందు చూస్తాను. ఆ ముక్క లేకపోతే మిగతా గ్రాఫుల మీద పెద్దగా నమ్మకం కుదరదు.

కణానికి సొంతంగా విద్యుత్ ధ్రువత్వం ఉంటే కథ వేరు. 2003లో రెజ్నికోవ్ అనే శాస్త్రవేత్త బృందం అలాంటి (ఫెర్రోఎలక్ట్రిక్) కణాలను నెమాటిక్‌లో కొద్దిగా కలిపితే, అణువులను తిప్పడానికి కావలసిన కనీస వోల్టేజి తగ్గింది. కణం చుట్టూ ఉండే విద్యుత్ క్షేత్రం పక్క అణువులను తన దిశకు లాగి క్రమాన్ని బిగిస్తుందన్నది దీనికి ఇచ్చే వివరణ. ఆ తర్వాత వేర్వేరు చోట్ల చేసిన కొలతలు ఒకదానితో ఒకటి పొసగలేదు. కణాలను నూరే తీరు, పూత, ద్రవంలో మిగిలిన అయాన్లు అన్నీ ఇందులో వేలు పెడతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చేది బ్లూ ఫేజ్ ఉదాహరణ. మెలితిరిగిన అణువులతో ఏర్పడే ఈ దశ నిలవాలంటే లోపల లోపాల గీతలు తప్పనిసరి. ఆ గీతల నడిమి భాగంలో వరుస ఉండదు, ఆ క్రమరాహిత్యానికి శక్తి ఖర్చవుతుంది. అందుకే మామూలుగా ఇది ఒకటి రెండు డిగ్రీల ఉష్ణోగ్రత తేడాలోనే బతుకుతుంది. నానోకణాలు సరిగ్గా ఆ గీతల్లోకి వెళ్లి కూర్చుంటాయి. క్రమం లేని చోటును కణం ఆక్రమించేసరికి ఖర్చు తగ్గి, దశ మరిన్ని డిగ్రీల మేర నిలుస్తుంది.

అయస్కాంత కణాల సంగతి ఇంకా పాతది. వాటిని నెమాటిక్‌లో కలిపితే చిన్న అయస్కాంత క్షేత్రానికే మొత్తం ద్రవం తిరుగుతుందని ఫ్రెంచ్ భౌతికశాస్త్రవేత్తలు బ్రోషార్, డి జెన్ 1970లోనే సిద్ధాంతం రాశారు. బయట క్షేత్రమేదీ లేకుండానే అయస్కాంతంగా ఉండే నెమాటిక్ ద్రవం మాత్రం 2013లో గానీ రాలేదు. స్లొవేనియాలోని లుబ్లియానాలో మెర్టెల్ బృందం 5సీబీలో బేరియం హెక్సాఫెరైట్ అనే అయస్కాంత పదార్థపు పలకలను కలిపింది, మందం 5 నానోమీటర్లు, వెడల్పు సుమారు 70. పలకల మీది పూత వల్ల ద్రవ అణువులు వాటి ముఖానికి నిట్టనిలువుగా నిలబడతాయి. పలక అయస్కాంత దిశ కూడా నిలువుగానే ఉంటుంది కాబట్టి రెండూ కలిసివచ్చాయి. చల్లారేటప్పుడు కణాలు ముద్దకట్టే వ్యవధి ఇవ్వకుండా, వేడి మిశ్రమాన్ని ఒక్కసారిగా నెమాటిక్ దశలోకి దించారు.