‘పైన రెండు పొరలు ఫైబర్ వేస్తే చాలు’: పాత సెయిల్ బోట్ల మీద అపోహలు, వాస్తవాలు

వానలు తగ్గి సంక్రాంతి దాటిందంటే నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. “అన్నా, పాత సెయిల్ బోటు ఒకటి దొరికింది. చాలా తక్కువకే ఇచ్చేశారు. డెక్ మీద, అంటే నడిచే పైతలం మీద, రెండు మూడు చోట్ల కొంచెం మెత్తగా ఉంది. పైన రెండు పొరలు ఫైబర్ వేయించి పెయింట్ కొడితే సరిపోతుంది కదా?”

సరిపోదు. ఈ ఒక్క మాట నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు చెన్నై రాయపురంలో పడవలు బాగుచేసే నా షెడ్డుకు ఎంతోమంది వచ్చారు. ఎక్కువమంది ఓఎంఆర్ ఐటీ కంపెనీల వైపు ఉద్యోగాలు చేసుకునే మన తెలుగువాళ్ళే. వారాంతాల్లో సెయిలింగ్ నేర్చుకుంటారు, మోజు పుడుతుంది, కొత్త బోటు ధర చూసి గుండె గుభేలుమంటుంది, పాతది కొంటారు. అందులో తప్పేమీ లేదు. పాత బోటును తక్కువ ఖర్చుతో నిలబెట్టవచ్చు. కానీ ఖర్చు ఎక్కడ పెట్టాలో ముందు తేలాలి.

అపోహ: మెత్తబడిన చోట పైన ఫైబర్ వేస్తే గట్టిపడుతుంది

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. 2004 సునామీ తర్వాత ఈ తీరమంతా ఫైబర్ పడవలు బాగా పెరిగాయి. కాశిమేడు చుట్టుపక్కల ఫైబర్ పని తెలిసినవాళ్ళకు కొదవ లేదు, మంచి పనిమంతులు కూడా. చేపల పడవకు పగులు వస్తే గ్రైండర్‌తో గీకి, గాజు పోగుల మ్యాట్ పరిచి, రెజిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పట్టించి మళ్ళీ వేటకు పంపేస్తారు. ఆ పడవకు అది సరైన పనే. దాని గోడ చాలావరకు మందమైన ఒంటి ఫైబర్, మధ్యలో ఇంకేమీ ఉండదు.

సెయిల్ బోటు డెక్ చాలావాటిలో అలా ఉండదు. బరువు తగ్గడానికి పైన ఒక పల్చటి ఫైబర్ పొర, కింద ఇంకో పల్చటి పొర, మధ్యలో బాల్సా చెక్కో, ఫోమో, ప్లైవుడ్డో ఉంటుంది. ఆ మధ్యదే కోర్. మూడూ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నంతవరకే డెక్‌కు బలం. తాళ్ళు కట్టే క్లీట్లు, తాళ్ళు నడిచే కప్పీలు (బ్లాకులు) బిగించిన బోల్టుల దగ్గర సీలెంట్ ఎండిపోయి పగిలితే వాననీళ్ళు బోల్టు వెంబడి దిగి కోర్‌లోకి చేరతాయి. బాల్సా కుళ్ళుతుంది, ప్లైవుడ్ పొరలుగా విడిపోతుంది, ఫోమ్ ఫైబర్ నుంచి ఊడిపోతుంది. కాలు వేస్తే మెత్తగా తగిలేది అదే.

ఇప్పుడు పైన రెండు పొరలు వేశారనుకోండి. లోపలి నీళ్ళు లోపలే ఉంటాయి. ఆరడానికి ఉన్న కాస్త దారి కూడా మూసుకుపోతుంది. కుళ్ళిన కోర్ కింద అలాగే ఉంటుంది కాబట్టి పై పొర కొన్నాళ్ళు గట్టిగా అనిపించి మళ్ళీ ఊగుతుంది. మన ఎండలకు లోపలి తడి వేడెక్కి కొత్త పొరను లేపేస్తుంది కూడా. ఈలోపు బోటు బరువు పెరుగుతుంది, అదీ డెక్ ఎత్తులో పెరుగుతుంది. సెయిల్ బోటుకు అక్కడ బరువు ఎక్కితే గాలికి తొందరగా ఒరుగుతుంది.

వేళచ్చేరి నుంచి ఒకాయన వచ్చారు. వాళ్ళ అమ్మాయి ఆప్టిమిస్ట్ అనే పిల్లల చిన్న బోటులో నేర్చుకుని పెద్ద బోటుకు ఎదిగింది. ఆ పిల్ల కోసం పాతది ఒకటి కొని, వేరే చోట డెక్ మొత్తం ఫైబర్ వేయించి, తెల్లగా పెయింట్ కొట్టించి తెచ్చారు. చూడటానికి ముచ్చటగా ఉంది. మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) పక్కన నాణెంతో కొడితే చప్పుడు చచ్చిపోయినట్టు వచ్చింది. ఆయన ఒప్పుకున్నాక అరచేతంత ముక్క కోశాను. నల్లటి గుజ్జు, దాని వెనకే నీళ్ళు. ఆయన అక్కడే స్టూలు మీద కూలబడ్డారు. “అన్నా, నేను డబ్బిచ్చి మరీ పాడుచేయించానా?” అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆయన చేసింది మోసపోవడం కూడా కాదు, చేసినవాళ్ళు తమకు తెలిసిన పనే చేశారు. కొత్తగా వేసిన పొరలు గీకి తీయడానికి, వేయడానికి అయినదానికంటే ఎక్కువ కూలి అయింది. ఆ డబ్బుతో తెరచాపలు కుట్టించుకోవచ్చు.

“బోటు బరువుగా ఉంది, అంటే గట్టిదే కదా?” అని ఇంకొందరు అడుగుతారు. ఇది దాని తోబుట్టువు లాంటి అపోహ. ఆప్టిమిస్ట్ హల్ (మాస్ట్, తెరచాప లేకుండా ఒట్టి పడవ) 35 కిలోలు, లేజర్ అనే ఒంటరి మనిషి నడిపే బోటు హల్ సుమారు 59 కిలోలు ఉండాలి. మీ పాత లేజర్‌ను ఇద్దరు ఎత్తలేక ఆయాసపడుతున్నారంటే ఆ అదనపు బరువు నీళ్ళది. కొనే ముందు బోటును ఖాళీ చేసి తూకం వేయండి. వేలాడే కాటా ఒకటి అద్దెకు తెచ్చినా చాలు.

కొనే ముందు చేయగలిగిన పరీక్షలు ఇంకా ఉన్నాయి, ఏవీ ఖర్చుతో కూడినవి కావు. నాణెంతోనో ప్లాస్టిక్ సుత్తితోనో డెక్ అంతా అంగుళం అంగుళం కొట్టి వినండి. ‘టక్’ అని మోగిన చోట బాగున్నట్టు, ‘డబ్’ అన్న చోట పెన్సిల్‌తో గీత గీయండి. చివరికి ఆ గీతలే మీకు మ్యాప్. లేజర్ అయితే మాస్ట్ దిగే గొట్టంలో నీళ్ళు పోసి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. కాసేపటికి మట్టం దిగితే అడుగున లీకు ఉంది, నీళ్ళు హల్‌లోకి పోతున్నాయి. ఇంకా అనుమానంగా ఉంటే, కొన్న తర్వాత, డెక్ కింది వైపు నుంచి 3 మి.మీ. బిట్‌తో రంధ్రం వేసి వచ్చిన పొట్టు చూడండి. పొడిగా లేత రంగులో వస్తే నిశ్చింత. తడిగా నల్లగా వస్తే పని ఉంది.

ఆ పని ఎలా చేయాలి? ముందు మెత్తబడిన మేర ఒకవైపు ఫైబర్ పొరను కోసి తీయాలి. కుళ్ళిన కోర్ తవ్వి పారేయాలి, బాగున్న చెక్క కనబడేదాకా. తర్వాత ఆరనివ్వాలి. జనానికి ఓపిక చాలనిది ఇక్కడే. చెన్నై గాలిలో తేమ ఎక్కువ, వారం ఎండలో పెట్టినంత మాత్రాన ఆరదు. పైన కప్పు ఉండాలి, పక్కల నుంచి గాలి ఆడాలి, ఒక ఫ్యాను తిరుగుతూ ఉండాలి. ఆరిందో లేదో తెలియాలంటే పారదర్శకమైన పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అతికించి ఒక రోజు వదిలేయండి. లోపలి వైపు ఆవిరి చుక్కలు పడితే ఇంకా తడి ఉంది.

ఆరాక కొత్త కోర్‌ను చిక్కటి ఎపాక్సీలో (బాగా గట్టిగా పట్టే ఇంకో రకం రెజిన్) కూర్చోబెట్టి, పైన గాజు గుడ్డతో మళ్ళీ పొర కట్టాలి. పాత ఫైబర్ అంచును నిలువుగా వదలకూడదు, మందానికి 12 రెట్లు వాలుగా గీకాలి. 3 మి.మీ. పొర అయితే 36 మి.మీ. వాలు. గీకే ముందు అసిటోన్‌తో తుడవాలి, లేకపోతే పాత మైనాన్ని శాండ్‌పేపరే లోపలికి రుద్దేస్తుంది.

ఎపాక్సీ మామూలు పాలియెస్టర్ రెజిన్ కంటే రెండు మూడు రెట్లు ఖరీదు. ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు. గట్టిపడిపోయిన పాత ఫైబర్‌ను, చెక్కను ఎపాక్సీ పట్టుకున్నట్టు పాలియెస్టర్ పట్టుకోదు. ఎపాక్సీతో మామూలు చాప్డ్ మ్యాట్ (తరిగిన గాజు పోగుల మ్యాట్) వాడకండి. ఆ మ్యాట్‌ను పట్టి ఉంచే బైండర్ పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్‌లో కరిగేలా చేసింది, ఎపాక్సీలో సరిగ్గా కరగదు. నేత గుడ్డే వాడండి. ముసురు రోజుల్లో గట్టిపడిన ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది. ముందు మంచినీళ్ళతో కడిగి, ఆ తర్వాతే శాండింగ్.

బోల్టు రంధ్రాలు చివరి మెట్టు, దీన్ని వదిలేస్తే చేసిందంతా వృథా. బోల్టు కంటే పెద్ద రంధ్రం వేసి, దాన్ని చిక్కటి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక బోల్టు సైజుకు మళ్ళీ తొలవాలి. అప్పుడు రేపు సీలెంట్ పాడైనా నీళ్ళు ఎపాక్సీనే తాకుతాయి, కోర్‌ను కాదు. సిరంజితో ఎపాక్సీ ఎక్కిస్తే కోర్ నయమైపోతుందని వీడియోలు చూసి అడుగుతుంటారు. ఎండి, కొద్దిగా ఊడిన చోట అది పనిచేస్తుంది. తడిసి కుళ్ళిన బాల్సాలోకి ఎపాక్సీ పారదు, సిరంజి దగ్గరే ఆగిపోతుంది.

మాది నెల్లూరు తీరం. తాతల కాలంలో తెప్పల మీద వేటకు వెళ్ళేవాళ్ళు. ఒడ్డుకు రాగానే కట్లు విప్పి దుంగలను ఇసుక మీద ఆరబెట్టేవాళ్ళు, తడి ఎక్కిన దుంగ మర్నాడు తేలదు కాబట్టి. ఆరబెట్టడం పనిలో భాగమని వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చదువుకున్నవాళ్ళే “అన్నా, ఈ ఆదివారానికి అయిపోతుందా?” అని అడుగుతారు.

ఇదే అపోహ చెక్క బోట్ల మీద ఇంకోలా ఉంది. చెక్క హల్‌కు ఫైబర్ కోటింగ్ వేస్తే ఇక నీళ్ళు దూరవని. పలకలు కూర్చిన పడవలో చెక్క తడికి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. పైన వేసిన పాలియెస్టర్ పొర ఆ కదలికకు ఊడి, మధ్యలో నీళ్ళు నిలుస్తాయి. ప్లైవుడ్ బోటు వేరు. జాక్ హోల్ట్ 1956లో గీసిన ఎంటర్‌ప్రైజ్ అనే చిన్న సెయిల్ బోటు మొదట ప్లైవుడ్ బోటే. అలాంటిదాన్ని పూర్తిగా ఆరబెట్టి ఎపాక్సీతో గుడ్డ వేస్తే చక్కగా నిలుస్తుంది. ముక్కలు మార్చాల్సి వస్తే ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారత ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లై కొనండి. షాపులో ‘వాటర్‌ప్రూఫ్’ అని నోటితో చెప్పేది లెక్కలోకి రాదు.

అపోహ: ఉప్పునీళ్ళే బోటును తినేస్తాయి

లోహాన్ని తింటాయి, నిజం. చెక్కను కుళ్ళబెట్టేది ఎక్కువగా వాననీళ్ళు. కుళ్ళు తెచ్చే బూజుకు ఉప్పు పడదు. అందుకే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఒడ్డున పెట్టిన బోటే పాడవుతుంది. బిగించి కట్టిన నీలం టార్పాలిన్ మధ్యలో కుంగి బిందెడు నీళ్ళు పట్టుకుంటుంది, కింద గాలి ఆడదు. చిన్న బోటైతే బోర్లించండి. పెద్దదైతే బంగ్ (నీళ్ళు పోయే రంధ్రం బిరడా) తీసేసి, ముక్కు కాస్త ఎత్తి పెట్టి, టార్పాలిన్ కింద అడ్డకర్ర వేసి పక్కలు వదిలేయండి.

అపోహ: స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు

డబ్బు విషయంలో ఫైబర్ పొరల అపోహ తర్వాతిదే అయినా, ప్రాణాల విషయంలో ఇదే ముందు. గాలి తగలని తడి సందుల్లో స్టెయిన్‌లెస్‌ను లోపలి నుంచి తుప్పు తొలిచేస్తుంది. మాస్ట్‌ను నిలబెట్టే తీగలను బోటుకు పట్టి ఉంచే లోహపు పట్టీ, అంటే చైన్‌ప్లేట్, డెక్‌లోంచి దిగే చోటు, ఆ తీగ చివర టెర్మినల్‌లోకి దూరే చోటు చూడండి. పైకి గోధుమరంగు మరక మాత్రమే ఉంటుంది. తీగ పొడవునా దూది జరపండి, ఎక్కడైనా చిక్కుకుంటే ఒక పోగు తెగినట్టే, ఆ తీగ మొత్తం మార్చాల్సిందే. సెంబుదాస్ వీధి హార్డ్‌వేర్ షాపుల్లో బోల్టులు కొనేటప్పుడు 316 రకం స్టెయిన్‌లెస్ అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. 304 సముద్రానికి చాలదు. అయస్కాంతం పెట్టి తేడా కనిపెట్టవచ్చని చెబితే నమ్మకండి, ఆ రెండింటి మధ్య తేడాను అది చెప్పలేదు.

అల్యూమినియం మాస్ట్ మీద స్టెయిన్‌లెస్ స్క్రూల చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే రెండు లోహాల మధ్య తినుడు మొదలైంది. స్క్రూ తీసి, శుభ్రం చేసి, మధ్యలో ఇన్సులేటింగ్ పేస్టు రాసి బిగించాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. జెల్‌కోట్ (ఫైబర్ మీది నున్నటి రంగు పూత) మీద సాలెగూడులా సన్నటి గీతలు చూసి టెన్షన్ పడకండి, చాలావరకు అవి పైపైవే. హల్ అడుగున బొబ్బలు కనిపించినా బోటు మునిగిపోదు. పగలగొట్టి, కడిగి, ఆరబెట్టి, ఎపాక్సీతో నింపితే ఏళ్ళు గడుస్తాయి. బాత్రూమ్ సిలికాన్ ట్యూబు డెక్ మీద వాడకండి, అది పూసిన చోట తర్వాత పెయింటు కానీ రెజిన్ కానీ పట్టదు. పాత తెరచాప వాషింగ్ మెషిన్‌లో వేయకండి. ముందు పోయేది ఎండకు దారమే, గుడ్డ బాగుంటే కుట్లు మళ్ళీ వేయిస్తే సరిపోతుంది.

సొంతంగా పాలియెస్టర్ పని చేసేవాళ్ళకు ఒక మాట. మన దగ్గర రెజిన్, అది గట్టిపడటాన్ని వేగపరిచే కోబాల్ట్, గట్టిపరిచే హార్డెనర్ మూడూ విడిగా అమ్ముతారు. కోబాల్ట్‌నూ హార్డెనర్‌నూ ఎప్పుడూ నేరుగా కలపకండి, మంట లేస్తుంది, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డెనర్ వేయాలి. కొలత కప్పులు వేరువేరు. మే నెల ఎండల్లో రెజిన్ చేతిలోనే గట్టిపడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా, పొద్దున్నే కలపండి. కంటికి అద్దాలు తప్పనిసరి. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. వెంటనే కనీసం పావుగంట నీళ్ళతో కడుగుతూ ఉండి, నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్ళండి. గీకేటప్పుడు ముక్కుకు కర్చీఫ్ కట్టుకుంటే చాలదు. గాజు దుమ్ముకు ఎన్95, రెజిన్ ఆవిరికి కార్ట్రిడ్జ్ మాస్క్ కావాలి. పిల్లలు ఆడుకునే మేడ మీద, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని పెట్టుకోకండి. షెడ్డు దొరక్కపోతే నాకు చెప్పండి, నా షెడ్డులో ఒక పక్కన చోటు ఇస్తాను.