ఆజంజాహీ మిల్లు నుంచి సిరిసిల్ల సాంచాల దాకా: పని పోతే భృతి ఎవరికి?

నిరుద్యోగ భృతి అనగానే వరంగల్‌లో చాలామందికి ఎన్నికల హామీలే గుర్తొస్తాయి. 2018లో నెలకు 3,016 రూపాయలన్నారు, 2023లో 4,000 అన్నారు. అవి ఖజానా నుంచి ఇస్తామన్న డబ్బులు. యజమాని, కార్మికుడు కలిసి కట్టిన చందా నుంచి హక్కుగా అందవలసిన భృతి వేరే ఉంది. దాని ఊసు మాత్రం ఇక్కడ అరుదుగా వినిపిస్తుంది.

1934లో వరంగల్‌లో మొదలైన ఆజంజాహీ బట్టల మిల్లు మూతపడేనాటికి దేశంలో అలాంటి భృతే లేదు. 1948 ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టంలో జబ్బుకు, ప్రసూతికి, పనిలో గాయానికి చోటు దొరికింది గానీ నిరుద్యోగానికి దొరకలేదు. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి, తొలగించిన కార్మికుడికి ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం చొప్పున పరిహారం ఇవ్వాలన్నారు. దివాళా తీసిన యజమాని దగ్గర ఆ పరిహారం వసూలు కావడమే కష్టం. ఉమ్మడి నిధి అవసరం అక్కడే తెలుస్తుంది.

2005 ఏప్రిల్ 1న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన వచ్చింది. అయిదేళ్లు ఈఎస్‌ఐ చందా కట్టినవారికి, ఫ్యాక్టరీ మూతపడితే ఆరు నెలలపాటు సగం వేతనం ఇచ్చేది. తర్వాత షరతులు సడలి, గడువు పెరిగింది. అయినా 2014లో మూతపడిన సిర్పూర్ పేపర్ మిల్లు మళ్లీ తెరుచుకునేసరికి 2018 వచ్చింది; అంత కాలానికి ఆ భృతి చాలదు. పని పోయిన ఈఎస్‌ఐ సభ్యుల కోసం అదే ఏడాది మొదలైన అటల్ పథకంలో భృతి 90 రోజులకే, అదీ జీవితంలో ఒక్కసారే.

ఈ భృతికి యజమాని విడిగా కట్టేదేమీ లేదు. ఈఎస్‌ఐ చందాలోనే అది ఇమిడి ఉంది. 2019 జులై నుంచి యజమాని వాటా 4.75 శాతం నుంచి 3.25కు, కార్మికుడి వాటా 1.75 నుంచి 0.75కు తగ్గాయి. ఎందరిని తొలగించినా యజమాని కట్టే రేటు మారదు. అమెరికాలో అలా కాదు. అక్కడ తొలగింపులు పెరిగిన సంస్థకు రేటూ పెరుగుతుంది. దాంతో యజమానులు తొలగించే ముందు ఆలోచిస్తారు, కొత్తవారిని తీసుకోవడానికీ కొంత వెనకాడతారు. చిలీలో 1981లో వేతనాలపై పన్ను తగ్గించినప్పుడు ఉద్యోగాలు పెద్దగా పెరగలేదు, జీతాలు పెరిగాయి. అంటే యజమాని వాటా అని రాసుకున్నదాన్ని చివరికి చాలావరకు మోసేది కార్మికుడే. అలా మోసినవాడికి పని పోయిన నాడు మూడు నెలలతో సరిపెట్టడం అన్యాయం.

మరమగ్గాల ఊరైన సిరిసిల్లకు వస్తే ఈ లెక్కలేవీ పనిచేయవు. ఈఎస్‌ఐ సాధారణంగా పదిమంది ఉన్న చోట, 21,000 రూపాయల లోపు వేతనాలకు వర్తిస్తుంది. ఆసామి (చిన్న మగ్గాల యజమాని) షెడ్డులో ఉండేది కొద్దిపాటి సాంచాలు (మరమగ్గాలు), ఇద్దరు ముగ్గురు కార్మికులు. కూలీ మీటరు లెక్కన. నూలు ఇచ్చేది ఒకరు, సాంచాలు మరొకరివి. యజమాని ఎవరో తేలనిచోట చందా ఎవరు కడతారు? బతుకమ్మ చీరల వంటి ప్రభుత్వ ఆర్డర్లు ఆగితే సాంచాలూ ఆగుతాయి. భృతి మాత్రం రాదు.

దీనికి పరిష్కారం మన పక్కనే ఉండేది. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో ఇళ్లలో బీడీలు చుట్టే మహిళల సంక్షేమం కోసం 1976 చట్టంతో, వేయి బీడీలకు ఇంత అని సెస్సు వసూలు చేసేవారు. మనిషిని హాజరు పట్టీలో చూపకపోయినా సరుకు మీద డబ్బు వచ్చేది. 2017లో జీఎస్టీ రాగానే ఆ సెస్సు రద్దయింది. సిరిసిల్ల బట్ట పెద్ద ఎత్తున కొన్నది ప్రభుత్వమే కాబట్టి, మీటరు ధరలోనే భృతి చందాను కలిపి ప్రత్యేక నిధికి జమ చేయడానికి కొత్త పన్ను అక్కర్లేదు. తర్వాతి ఆర్డరు షరతుల్లోనే అది రాయవచ్చు.