సూది నర్సమ్మది, సంతకం డాక్టరుది

శ్రీకాకుళం జిల్లాలో ఏ పల్లెకు వెళ్లినా ఆర్‌ఎంపీ గారి ఇల్లు ఎక్కడో చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. పల్లె మాటలో ఆర్‌ఎంపీ అంటే వైద్య డిగ్రీ లేకుండా సూది వేసే డాక్టరు. చట్టం మాటలో ఆ మూడక్షరాలకు అర్థం ‘రిజిస్టరైన వైద్యుడు’. అంటే ఎంబీబీఎస్ చదివి మెడికల్ కౌన్సిల్ పట్టికలో పేరు ఎక్కించుకున్నవారు. రిజిస్టరు కానివారికి రిజిస్టరైనవారి పేరు ఎలా అతుక్కుందో తెలుసుకోవాలంటే ఎనభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ఇవాళ విలేజ్ హెల్త్ క్లినిక్‌లో కూర్చునే సీహెచ్‌ఓ, అంటే నర్సింగ్ చదివిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, మందు ఇవ్వొచ్చా, కూడదా అన్న పేచీకి మొదలు కూడా అక్కడే ఉంది.

ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1914లో, వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. అప్పట్లో డాక్టర్లు రెండు రకాలు. యూనివర్సిటీ డిగ్రీ తీసుకున్నవారు ఒకరు, మెడికల్ స్కూల్లో తక్కువ కాలం చదివి లైసెన్సు పొందిన ఎల్‌ఎంపీలు మరొకరు. 1946లో, దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ లెక్క తీసేనాటికి దేశంలో రిజిస్టరైన వైద్యులు 47,524 మంది. వారిలో 29,870 మంది ఎల్‌ఎంపీలే. అయినా కమిటీ ఆ చదువును ఎత్తేయమంది. దేశానికి ఒకే రకం డాక్టరు చాలు, అతనికి పూర్తి చదువు ఉండాలి అన్నది దాని వాదం. ఇంత కొరతలో ఎల్‌ఎంపీలను వదులుకోవద్దని కొందరు సభ్యులు విడిగా అభిప్రాయం రాశారు గానీ అది చెల్లలేదు. స్కూళ్లు కొన్ని కాలేజీలయ్యాయి, కొన్ని మూతపడ్డాయి.

పూర్తి చదువు చదివిన డాక్టరు మందస కొండల దగ్గరకో, శృంగవరపుకోట పైనున్న గిరిజన గూడేలకో వచ్చి కాపురం పెట్టలేదు. ఆ ఖాళీలో పట్నం డాక్టరు దగ్గర నాలుగేళ్లు కాంపౌండరుగా చేసి ఊరికి తిరిగొచ్చినవాళ్లు కుదురుకున్నారు. 1956 ఇండియన్ మెడికల్ కౌన్సిల్ చట్టం రిజిస్టరు కానివారు వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా అంది. 2019 నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ఆ వెయ్యిని ఐదు లక్షలు చేసింది. ఈ రెండింటి నడుమ, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో, ఇదే గ్రామీణ వైద్యులకు శిక్షణ ఇచ్చి ‘కమ్యూనిటీ పారామెడిక్’లుగా మార్చే ప్రయత్నమూ జరిగింది. ఆ శిక్షణ ప్రథమ చికిత్స చేసి రోగిని ఆసుపత్రికి పంపడానికే. మందు రాసే అధికారం రాష్ట్ర శిక్షణతో వచ్చేది కాదు. ఒక చేత్తో జైలు చూపించి, ఇంకో చేత్తో శిక్షణ ఇచ్చిన రాజ్యం ఈ మనిషిని ఏమనుకుంటోందో తేల్చుకోలేదు. ఊరు మాత్రం ఎప్పుడో తేల్చుకుంది.

మంత్రసాని నుంచి మల్టీపర్పస్ దాకా

నర్సమ్మ కథ వేరే దారిలో నడిచింది. 1926 మద్రాసు చట్టం నర్సులకూ మంత్రసానులకూ రిజిస్టరు తెరిచింది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 1950ల్లో మొదలైన ఏఎన్‌ఎం (సహాయక నర్సు, మంత్రసాని) కోర్సు రెండేళ్లది, అందులో ప్రధానం కాన్పు పని. 1973లో కర్తార్ సింగ్ కమిటీ అప్పటిదాకా విడివిడిగా తిరిగే మలేరియా వర్కరు, మశూచి టీకాలవాడు, కుటుంబ నియంత్రణ వర్కరు అందరినీ కలిపి ‘మల్టీపర్పస్ వర్కర్’ అనే ఒక్క పేరు కిందకు తెచ్చింది. ఏఎన్‌ఎం కాస్తా ఎంపీహెచ్‌డబ్ల్యూ (స్త్రీ) అయింది. కోర్సు 18 నెలలకు కుదించారు. కాన్పు నేర్పే కాలం తగ్గి టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల టార్గెట్లు, రిజిస్టర్లు పెరిగాయి.

సబ్‌సెంటర్‌కు, అంటే పల్లెలోని ఆరోగ్య ఉపకేంద్రానికి, మైదానంలో 5,000 మంది, గిరిజన ప్రాంతంలో 3,000 మంది అన్నది లెక్క. అక్కడ ఒక ఆడ, ఒక మగ ఉద్యోగి ఉండాలి. ఏఎన్‌ఎం జీతం కేంద్రం భరించేది, మగ ఉద్యోగి జీతం రాష్ట్రం భరించాల్సి వచ్చేది. దేశమంతటా ఖాళీలు మగ పోస్టుల్లోనే ఎందుకు పేరుకున్నాయో దీన్నిబట్టి తెలుస్తుంది. అతను లేనిచోట దోమల మందు, నీళ్లలో క్లోరిన్, జ్వరాల రక్తపు పూతలు అన్నీ నర్సమ్మ సంచిలోకే వచ్చి పడ్డాయి.

మంత్రసానిని ఏ చట్టమూ నిషేధించలేదు. 1977 తర్వాత ఆమెకు నెల రోజుల శిక్షణ కూడా ఇచ్చారు. 2005లో జననీ సురక్ష యోజన ఆసుపత్రి కాన్పుకు తల్లికి డబ్బు ఇవ్వడం మొదలెట్టాక ఆమె పని దానంతటదే తగ్గిపోయింది.

పది ఆంప్యూల్స్

కాన్పులో తల్లి చనిపోయేది ఎక్కువగా రక్తస్రావంతోనూ, గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం)తోనూ. రెండింటికీ మందుంది, రెంటికీ నిమిషాలే గడువు. అందుకే నేషనల్ రూరల్ హెల్త్ మిషన్ వచ్చాక కేంద్ర ఆరోగ్య శాఖ ఏఎన్‌ఎంలకు 21 రోజుల శిక్షణ పెట్టి, అంతకుముందు డాక్టరు చేతిలోనే ఉన్న కొన్ని మందులు వాడే అనుమతి ఇచ్చింది. ఈ అనుమతి వచ్చిన రూపం మార్గదర్శకాలు. చట్ట సవరణ జరగలేదు.

ఆ మందులు ఏమిటో వివరంగా చూడాలి, చిక్కు అక్కడే ఉంది. బిడ్డ పుట్టిన వెంటనే, రక్తస్రావం కాకుండా, తల్లికి ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఇవ్వాలి. ఆక్సిటోసిన్ 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉండాలి. టీకాల ఫ్రిజ్ పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఉంటుంది, సబ్‌సెంటర్‌లో చాలాచోట్ల ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో అల్మారాలో పెట్టిన ఆంప్యూల్ (సూదిమందు గాజుబుడ్డి) చూడ్డానికి బాగానే ఉంటుంది, బలం పోయి ఉంటుంది. సూది వేశాం కదా అని ధైర్యంగా ఉంటారు, గర్భసంచి మాత్రం గట్టిపడదు. అందుకే ఫ్రిజ్ లేని చోటుకు మిసోప్రోస్టాల్ బిళ్లలు ఇచ్చారు. 200 మైక్రోగ్రాములవి మూడు, నోటితో. అయితే బిడ్డ పుట్టాక కడుపు మీద చెయ్యి పెట్టి లోపల రెండో బిడ్డ లేదని చూసుకున్న తర్వాతే ఏదైనా ఇవ్వాలి. ఈ ఒక్క మెట్టు దాటేస్తే లోపలున్న కవలబిడ్డ ప్రాణానికే ముప్పు.

గుర్రపువాతానికి మెగ్నీషియం సల్ఫేట్. ఏఎన్‌ఎం ఇవ్వాల్సిన మొదటి మోతాదు 10 గ్రాములు. రెండు పిరుదుల్లోనూ చెరి 5 గ్రాములు, లోతుగా. 50 శాతం ద్రావణం ఆంప్యూల్ 2 మిల్లీలీటర్లు, అందులో ఒక గ్రాము ఉంటుంది. అంటే ఫిట్స్‌తో కొట్టుకుంటున్న మనిషి పక్కన కూర్చుని పది ఆంప్యూల్స్ విరగ్గొట్టి, 10 మిల్లీలీటర్ల సిరంజీలు రెండు నింపాలి. సబ్‌సెంటర్‌లో ఆరు ఆంప్యూల్సే ఉంటే? గడువు తీరినవి రెండు తేలితే? సగం మోతాదుతో పంపిస్తే దారిలో మళ్లీ ఫిట్స్ వస్తాయి. కొండ మీది ఊరైతే ముందు డోలీ, ఆ తర్వాత రోడ్డు దగ్గర 108. తర్వాతి మోతాదులు ఆసుపత్రిలోనే ఇవ్వాలి. ఎందుకంటే ప్రతిసారీ శ్వాస నిమిషానికి 16కు తగ్గలేదనీ, మోకాలి కుదుపు ఉందనీ, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గలేదనీ చూడాలి. పంపేటప్పుడు రిఫరల్ చీటీ మీద ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారో రాయకపోతే పెద్దాసుపత్రిలో మళ్లీ మొదటి మోతాదు ఇచ్చే ప్రమాదముంది.

ఇంత పనికి చట్టంలో ఆసరా ఏది? 1945 డ్రగ్స్ రూల్స్ చివర షెడ్యూల్ ‘కె’ అని ఒక మినహాయింపుల జాబితా ఉంది. అందులో 23వ అంశం ప్రకారం ప్రభుత్వ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ కార్యక్రమాల కింద మల్టీపర్పస్ వర్కర్లు, ఏఎన్‌ఎంలు, అంగన్‌వాడీ కార్యకర్తలు మందులు ఇస్తే అమ్మకం లైసెన్సు అక్కర్లేదు. చాలామంది దీన్నే ‘మందు ఇచ్చే హక్కు’ అనుకుంటారు. ఇది దుకాణం లైసెన్సు నుంచి మినహాయింపు మాత్రమే. జబ్బు నిర్ణయించి మందు రాసే అధికారం ఇందులో లేదు. అంతా సవ్యంగా జరిగినంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. తల్లి చనిపోయి మాతృమరణాల సమీక్ష జరిగిన రోజున ‘నిన్నెవరు ఇవ్వమన్నారు’ అని ఒకరు, ‘ఎందుకివ్వలేదు’ అని ఇంకొకరు అడుగుతారు. నర్సమ్మకు రెండో ప్రశ్నకు జవాబిచ్చే బాధ్యత కాగితం మీద ఉంది. మొదటి ప్రశ్న నుంచి కాపాడే చట్టం మాత్రం బలహీనం.

ఇంగ్లండ్‌లో ఈ క్రమం తిరగబడింది. అక్కడ నర్సులు మందు రాయడానికి 1992లో పార్లమెంటు చట్టం చేసింది. చిన్న జాబితాతో మొదలెట్టి, 2006 నాటికి ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులకు దాదాపు అన్ని మందులూ తెరిచారు.

మూడేళ్ల డాక్టరు, మూడోవంతు లైసెన్సు

మన దేశంలో చట్టం దారి పట్టిన రాష్ట్రాలు లేకపోలేదు. ఛత్తీస్‌గఢ్ 2001లో మూడేళ్ల కోర్సు మొదలెట్టింది. అస్సాం 2004లో చట్టమే చేసి మూడేళ్లు చదివినవారికి పరిమిత వైద్యం అప్పగించింది. అది కేంద్ర చట్టానికి విరుద్ధమని గౌహతి హైకోర్టు 2014లో కొట్టేసింది, 2023 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. వైద్య విద్య ప్రమాణాలు తేల్చేది పార్లమెంటేనన్నది సారాంశం. కాబట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్ని జీవోలు ఇచ్చినా విజయనగరం సబ్‌సెంటర్‌లో కొత్త రకం డాక్టరును పుట్టించలేదు.

పార్లమెంటు ఆ పని సగం చేసింది. 2019 చట్టం 32వ సెక్షన్ ‘కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్’కు పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చంది. ప్రాథమిక, నివారణ వైద్యంలో నిర్ణీత మందులు సొంతంగా రాయొచ్చు, అంతకు మించితే డాక్టరు పర్యవేక్షణలోనే. మొత్తం లైసెన్సులు డాక్టర్ల సంఖ్యలో మూడోవంతు దాటకూడదు. ఇది ఆర్‌ఎంపీలకు దొడ్డిదారి అంటూ ఆ ఏడాది జూలై 31న డాక్టర్లు దేశమంతా ఓపీలు బంద్ చేశారు. సెక్షన్ అలాగే ఉంది. ఆ లైసెన్సుతో మందు రాసే మనిషి మన జిల్లాల్లో కనబడరు.

ఆశా మాట ఇక్కడ క్లుప్తంగా. 2005లో ఆమె వెయ్యి మందికొక స్వచ్ఛంద కార్యకర్త. పనికింత అని పారితోషికం. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికెళ్లి తూచి చూడాలి. ఏ ఒక్క రోజు తప్పినా లెక్క కుదరదు. 2013లో భారత కార్మిక సదస్సు ఇలాంటి స్కీమ్ వర్కర్లను కార్మికులుగా గుర్తించమంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గౌరవ వేతనం నెలకు 10,000 అయింది, 2025లో గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు, 62 ఏళ్ల వయోపరిమితి ప్రకటించారు. ఉద్యోగికి ఉండేవన్నీ ఒక్కొక్కటే వస్తున్నాయి, ‘ఉద్యోగి’ అన్న మాట తప్ప.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాక ఏఎన్‌ఎం గ్రేడ్-3 పోస్టులతో నర్సమ్మకు రెండో యజమాని కూడా తయారయ్యారు. పీహెచ్‌సీ మీటింగు, సచివాలయం సర్వే ఒకే రోజు పడితే ముందు ఆగేది టీకాల తిరుగుడే.

ఉద్దానంలో బీపీ మిషను

2018లో ఆయుష్మాన్ భారత్ కింద సబ్‌సెంటర్లలో బీఎస్సీ నర్సింగ్ చదివిన కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు వచ్చారు. మన రాష్ట్రంలో మొదట ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అన్నారు, ఇప్పటికీ కొందరి నోట అదే పేరు. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి ప్రకారం పీహెచ్‌సీ డాక్టరు 104 వాహనంతో నెలకు రెండుసార్లు, విలేజ్ హెల్త్ క్లినిక్ అయిన సబ్‌సెంటర్‌కు రావాలి. మిగతా రోజులు సీహెచ్‌ఓదే.

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో, కిడ్నీ జబ్బు పీడించే ఉద్దానంలో, ఈ ఏర్పాటు ఎక్కడ పట్టు తప్పుతుందో చూడొచ్చు. సీహెచ్‌ఓ బీపీ కొలుస్తారు, 140/90 దాటితే డాక్టరుకు చూపించాలి. మందు మొదలెట్టేది డాక్టరు, నెలనెలా అదే బిళ్ల అందించేది సీహెచ్‌ఓ. డాక్టరు వచ్చే రోజు రోగి జీడితోటకు వెళ్లిపోతే మొదటి చీటీ పడదు. చీటీ లేనిదే అల్మారాలో ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్ల ఉన్నా ఇవ్వడానికి లేదు. టెలీమెడిసిన్‌లో ఈ-సంజీవని ద్వారా డాక్టరును పట్టుకోవచ్చు, సిగ్నల్ ఉంటే, అవతల డాక్టరు ఖాళీగా ఉంటే. అదే రోజు సాయంత్రం ఒళ్లునొప్పులని ఆ మనిషి ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్తే డైక్లోఫెనాక్ సూదికి ఏ చీటీ అడ్డం రాదు. దెబ్బతిన్న కిడ్నీకి తగలకూడని మందుల్లో అది ముందుంటుంది. నాలుగేళ్లు నర్సింగ్ చదివిన మనిషికి లేని వెసులుబాటు కాంపౌండరుకు దక్కడం, 1946లో మూసిన తలుపుకు ఇవాళ మనం కడుతున్న అద్దె.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరిచారు. అక్కడ యంత్రం దగ్గర రోజూ నిలబడే డయాలిసిస్ టెక్నీషియన్ వృత్తికి కేంద్ర చట్టంలో చోటు దొరికింది 2021లో, అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టంతో. కనీసం 2,000 గంటల చదువు, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఉండాలని ఆ చట్టం అంటుంది. నర్సులకు 1947 చట్టం స్థానంలో నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 2023లో వచ్చింది. ఏఎన్‌ఎంలకూ, సీహెచ్‌ఓలకూ మందు రాసే గీత ఎక్కడ గీయాలన్నది ఇక దాని కింద వచ్చే నిబంధనల్లోనూ, 32వ సెక్షన్‌కు రాయాల్సిన నియమావళిలోనూ తేలాల్సిన సంగతి. అప్పటిదాకా క్లినిక్ ఓపీ రిజిస్టరులో ‘ఇచ్చిన మందు’ గడి సీహెచ్‌ఓ నింపుతారు, ‘ఎవరి సూచన మేరకు’ అన్నచోట పీహెచ్‌సీ డాక్టరు పేరు రాస్తారు.