ముందు ముఠా, తర్వాతే నమ్మకం

తీవ్రవాద ముఠాను వదిలొచ్చినవాణ్ణి అందరూ మొదట అడిగేది ఒకటే: "ఆ భావాలు పోయాయా?" అలాంటివాళ్లను ముఠాల్లోంచి బయటికి తెచ్చే పనిలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లు ఆ ప్రశ్నను వెనక్కి నెడతారు. ముందు ముఠాను వదిలించడం, భావాల సంగతి తర్వాత చూడటం అన్న ఈ పద్ధతి నార్వేలో పుట్టింది.

అక్కడి నవ నాజీ ముఠాలను, అంటే హిట్లర్ భావాలను నేటికీ మోసే గుంపులను, అధ్యయనం చేసిన తూరె బ్యోర్గో గమనించింది ఇది: చాలామంది కుర్రాళ్లు సిద్ధాంతం తలకెక్కి చేరలేదు. తోడు, రక్షణ, గుర్తింపు దొరుకుతాయని చేరారు. భావాలు ఒంటబట్టింది ఆ తర్వాతే. అలాంటివాళ్లతో వాదనకు దిగితే మరింత బిగుసుకుపోతారు. ఆయన ఆలోచనతో 1997లో మొదలైన 'ఎగ్జిట్' కార్యక్రమం అందుకే తల్లిదండ్రులను కూడగట్టింది. బిడ్డను ఇంట్లోంచి తరిమేస్తే అతనికి మిగిలేది ముఠాయే.

1998లో స్వీడన్‌లో, ఒకప్పుడు నవ నాజీగా ఉన్న కెంట్ లిండాల్ ఇదే పని తలకెత్తుకున్నాడు. అక్కడ దీన్ని ఐదు దశలుగా చేశారు. మొదటిది ఊగిసలాట: వదలాలా వద్దా అని తేల్చుకోలేనివాడితో మాట్లాడటం. రెండోది తెంచుకోవడం. బెదిరింపులు వస్తాయి, స్నేహితులందరూ ఒక్కసారే పోతారు. మూడోది ఇల్లు, ఆదాయం కుదుర్చుకోవడం. మా దృష్టిలో అసలు గండం ఇక్కడే. ప్రమాదం తప్పిందనుకుని చుట్టూ ఉన్నవాళ్లు పట్టు సడలిస్తారు. అతనికేమో సాయంత్రం పలకరించే మనిషి ఉండడు. సిద్ధాంతం మీద అంతా విరిగిపోయినా సరే, ఒంటరితనం పాత గుంపుకేసి లాగుతుంది. చేసిన హింసనూ నమ్మినదాన్నీ తిరగదోడటం నాలుగో దశలో గానీ రాదు. అప్పటికి అతని కాళ్ల కింద కాస్త నేల ఉంటుంది. ఐదోది మామూలు జీవితంలో నిలదొక్కుకోవడం.

2000లో జర్మనీలో మాజీ పోలీసు అధికారి బెర్న్‌డ్ వాగ్నర్, మాజీ నవ నాజీ ఇంగో హాసెల్‌బాఖ్ కలిసి ఎగ్జిట్ స్థాపించారు. 2011లో గేరా పట్టణంలో జరిగిన నవ నాజీ సంగీతోత్సవంలో ఈ సంస్థ 250 టీషర్టులు పంచేలా చేసింది. ఒక్క ఉతుకుకు పైబొమ్మ పోయి, "నీ టీషర్టు చేయగలిగింది నువ్వూ చేయగలవు" అన్న మాట బయటపడేది. అది తలుపు చూపించడం మాత్రమే. దాటినవాడికి అవతల ఏళ్ల పని ఉంటుంది.

ఈ కార్యక్రమాల విజయాల లెక్కలను జాగ్రత్తగా చదవాలి. వాటి దగ్గరికి తమంతట తాము వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే సగం బయటికి వచ్చినవాళ్లు.