మహిళల టెన్నిస్ సెమీస్, ఫైనల్స్: అపోహలు - వాస్తవాలు

టెన్నిస్ కోచింగ్ నా పని. గ్రాండ్‌స్లామ్‌లో క్వార్టర్ ఫైనల్స్ మొదలయ్యాయంటే నా ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఫలానా సీడ్ (ర్యాంకును బట్టి టోర్నీకి ముందే వరుస నంబర్ ఇచ్చిన ప్లేయర్) ఓడిపోయింది కాబట్టి ఇక చూడక్కర్లేదా, మొదటి సెట్‌లోనే బ్రేక్ (అవతలామె సర్వీస్ చేసే గేమ్‌ని గెలవడం) వచ్చేసింది కాబట్టి మ్యాచ్ అయిపోయినట్టేనా, ఇన్ని తప్పులు చేసినామె ఫైనల్ దాకా ఎలా వచ్చింది... విడివిడిగా జవాబులు ఇచ్చే ఓపిక లేక అన్నీ ఇక్కడే రాసేస్తున్నాను.

"టాప్ సీడ్లు వెళ్లిపోయారు, ఇక టోర్నీలో ఏముంది?"

సీడింగ్ వచ్చేది ర్యాంకింగ్ నుంచి, ర్యాంకింగ్ అంటే గత 52 వారాల్లో సంపాదించిన పాయింట్ల లెక్క. ఈ వారం ఎవరి ఫోర్‌హ్యాండ్ ఎలా పడుతోందో ఆ లెక్కకి తెలీదు. గాయం వల్ల నెలల తరబడి ఆడకపోతే ర్యాంకు పడిపోతుంది, ఆట కూడా పడిపోవాలని రూలేం లేదు. 2023లో వింబుల్డన్ గెలిచిన వొండ్రుసోవానే తీసుకోండి. అన్‌సీడెడ్, ర్యాంకు 42, ఓపెన్ శకంలో సీడింగ్ లేకుండా వింబుల్డన్ సింగిల్స్ గెలిచిన మొదటి మహిళ, అందుకే అందరూ సంచలనం అన్నారు. కానీ ఆమె 2019లోనే ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ ఆడింది, టోక్యో ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది, ఆ తర్వాత మణికట్టు ఆపరేషన్ వల్ల 2022లో చాలా కాలం కోర్టుకి దూరమైంది. అంటే ఆ 42 ఆమె ఆట స్థాయిని చెప్పిన అంకె కాదు, ఆడని నెలల్ని చెప్పిన అంకె.

2021 యూఎస్ ఓపెన్‌లో రదుకాను గెలుపుని ఇప్పటికీ లక్కు అనేవాళ్లున్నారు. క్వాలిఫయింగ్ (అసలు టోర్నీకి ముందు జరిగే అర్హత మ్యాచ్‌లు) నుంచి వచ్చి, 10 మ్యాచ్‌లు ఆడి, ఒక్క సెట్ కూడా ఇవ్వలేదు. వరుసగా 20 సెట్లు గెలవడం లక్కు అయితే ఆ లక్కు నా స్టూడెంట్లకి కూడా కాస్త పట్టాలని కోరుకుంటాను. తర్వాత ఆమె కెరీర్ ఎలా సాగిందనేది వేరే చర్చ, ఆ మూడు వారాల ఆటని అది మార్చదు.

ఇంకో తమాషా ఏంటంటే, నిరుటి ఛాంపియన్ ఈసారి ఫైనల్‌కి వచ్చి ఓడినా ఆమె పాయింట్లు తగ్గుతాయి. స్లామ్ గెలిస్తే 2000, ఫైనల్లో ఓడితే 1300, నిరుటి 2000 లెక్కలోంచి పోయి ఈసారి 1300 చేరతాయి, అంటే ఏకంగా 700 పోయినట్టు. "ఫైనల్ ఆడినా పాయింట్లు ఎందుకు పోయాయి" అని అడిగేవాళ్లకి జవాబు ఇదే.

"తప్పులు తక్కువ చేసినామే గెలుస్తుంది"

2017 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్. హలెప్ చేసిన అనవసర తప్పిదాలు (ప్రత్యర్థి ఒత్తిడి లేకుండానే చేసే తప్పులు) 10. ఒస్టాపెంకో చేసినవి 54. గెలిచింది ఒస్టాపెంకో, ఎందుకంటే విన్నర్లు (అవతలామెకి అందకుండా పాయింట్ తెచ్చే షాట్లు) కూడా సరిగ్గా 54 కొట్టింది, హలెప్ కొట్టినవి 8 మాత్రమే. మ్యాచ్ మొత్తం ఒకామె రాకెట్ మీదే నడిచింది, రెండో ఆమె దాదాపు ప్రేక్షకురాలే.

అలాగని తప్పులు లెక్కలోకి రావని కాదు. 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో సబలెంకా 70 చేసింది, గాఫ్ 30 చేసింది, అక్కడ గెలుపోటములు తేల్చింది అవే. కానీ ఆ 70లో ఎన్ని నిజంగా "అనవసరం"? ఆ రోజు గాలి విపరీతంగా ఉంది, పైగా గాఫ్ పరుగెత్తి పరుగెత్తి ఇంకొక్క బంతి, ఇంకొక్క బంతి అని వెనక్కి పంపుతూనే ఉంది. అలాంటి ఆమె మీద పాయింట్ ముగించాలంటే గీతకి ఇంకాస్త దగ్గరగా కొట్టాలనిపిస్తుంది, బంతి బయటికి పోతుంది, షీట్‌లో అది అనవసర తప్పిదం అని పడుతుంది. ఏది అనవసరమో నిర్ణయించేది కోర్టు పక్కన కూర్చుని నోట్ చేసుకునే మనిషి. ఆ కాలమ్‌ని అంతవరకే నమ్మండి.

"బ్రేక్ వచ్చేసింది, సెట్ అయిపోయినట్టే"

పురుషుల టెన్నిస్ చూసి అలవాటైన కళ్లతో మహిళల మ్యాచ్ చూస్తే వచ్చే ఇబ్బంది ఇది. మహిళల ఆటలో బ్రేక్‌లు ఎక్కువ, కాబట్టి ఒక బ్రేక్ ఆధిక్యానికి విలువ తక్కువ. పైన చెప్పిన 2017 ఫైనల్లోనే హలెప్ 6-4, 3-0 ఆధిక్యంలో ఉండి ఓడింది.

దీన్ని చాలామంది "సర్వీసులు బలహీనం" అని కొట్టిపారేస్తారు. సగమే నిజం. మిగతా సగం ఏంటంటే, ఈ స్థాయిలో రిటర్న్ చేసేవాళ్లు భయంకరంగా ఉంటారు. సెకండ్ సర్వ్ (ఫస్ట్ సర్వ్ తప్పితే దొరికే రెండో అవకాశం) వస్తోందనగానే వాళ్ల కాళ్లు చూడండి, బేస్‌లైన్ దాటి లోపలికి వచ్చేస్తారు, బంతి లేస్తుండగానే కొట్టేస్తారు. అందుకే సెమీస్, ఫైనల్స్‌లో నేను ఏస్‌లు (అవతలామె రాకెట్‌కి తగలకుండా పాయింట్ తెచ్చే సర్వ్‌లు) చూడను, సెకండ్ సర్వ్ మీద గెలిచిన పాయింట్ల శాతం చూస్తాను. సగం దగ్గర్లో ఉంటే ఆమె బాగానే నెట్టుకొస్తోందన్నమాట. మూడో వంతుకి జారిందంటే స్కోరు ఏదైనా సరే, ముందుంది గండమే.

టెన్షన్ ముందుగా బయటపడేది కూడా అక్కడే. 30-30 దగ్గర, బ్రేక్ పాయింట్ దగ్గర, టాస్ (సర్వ్ కోసం బంతిని పైకి విసరడం) కాస్త తక్కువ ఎత్తులో పడుతుంది, భుజం పూర్తిగా తిరగదు, చెయ్యి బంతిని కొట్టడం మానేసి తోయడం మొదలుపెడుతుంది, బంతి సర్వీస్ బాక్స్ మధ్యలో పొట్టిగా పడుతుంది. అవతలామెకి అది పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. అనుభవం ఉన్న ప్లేయర్లు దీనికో మందు వాడతారు: ఫస్ట్ సర్వ్ వేగమే కొంచెం తగ్గించి ఎక్కువ లోపల పడేలా చూసుకుంటారు, అసలు సెకండ్ సర్వ్ దాకా వెళ్లకుండా. స్పీడ్ తగ్గిందని కామెంటరీలో కంగారు పడితే మీరు కంగారు పడకండి, ముందు శాతం పెరిగిందేమో చూడండి.

"6-0, 6-0తో ఓడింది, ఇక ఆమె ముందు నిలబడలేదు"

2025 వింబుల్డన్ ఫైనల్లో స్వియాటెక్ 57 నిమిషాల్లో అనిసిమోవాని సరిగ్గా అదే స్కోరుతో ఓడించింది. రెండు నెలలు తిరక్కుండానే యూఎస్ ఓపెన్ క్వార్టర్స్‌లో అదే స్వియాటెక్‌ని అనిసిమోవా 6-4, 6-3తో పంపించేసింది. ముఖాముఖి రికార్డు చూడండి, తప్పులేదు, కానీ ఏ కోర్టు మీద, ఏ రౌండ్‌లో, ఎవరు ఏ స్థితిలో ఉండగా అని కూడా అడగండి. వింబుల్డన్‌లో అనిసిమోవాకి అది మొదటి స్లామ్ ఫైనల్.

"సెమీస్‌లో అంతసేపు ఆడింది, ఫైనల్లో కాళ్లు కదలవు"

స్లామ్‌లో మామూలుగా మహిళల సెమీస్ గురువారం, ఫైనల్ శనివారం, మధ్యలో ఒక రోజు దొరుకుతుంది. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో కీస్ సెమీస్‌లో మ్యాచ్ పాయింట్ కాచుకుని (ఇంకొక్క పాయింట్ పోతే ఓడే స్థితి నుంచి బయటపడి), చివరి సెట్ టైబ్రేక్ (6-6 అయ్యాక సెట్‌ని తేల్చే గేమ్) 10-8తో స్వియాటెక్‌ని దాటి, ఫైనల్లో సబలెంకాని మూడో సెట్ 7-5తో ఓడించింది. కాళ్లు బాగానే కదిలాయి. ఈ అలసట లెక్క నిజంగా పనికొచ్చేది చిన్న టోర్నీల్లో, సెమీస్ ఆడిన మర్నాడే ఫైనల్ ఉన్నప్పుడు.

"కోచ్ మధ్యలో చెబుతున్నాడు, ఇది మోసం కదా?"

కాదు. 2025 నుంచి నిబంధనలే దానికి అనుమతి ఇస్తున్నాయి.

"సింగిల్స్ ఆడలేనివాళ్లే డబుల్స్ ఆడతారు"

క్రెజికోవా 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో రెండూ గెలిచింది, అదీ సింగిల్స్ సెమీస్‌లో మ్యాచ్ పాయింట్ కాచుకుని మరీ. సానియా, హింగిస్ 2015 వింబుల్డన్ డబుల్స్ ఫైనల్ చివరి సెట్‌లో 2-5 వెనకబడి 7-5తో గెలిచిన మ్యాచ్ దొరికితే ఒకసారి చూడండి. ఒత్తిడిలో సెకండ్ సర్వ్ ఎక్కడ వేయాలో చెప్పడానికి నేను పిల్లలకి చూపించేవి ఎక్కువగా డబుల్స్ క్లిప్పులే. నెట్ దగ్గర ఒకామె అడ్డం పడటానికి కాచుకుని ఉంటుంది కాబట్టి అక్కడ వేగం కన్నా చోటు ముఖ్యం, సర్వ్ కాస్త మధ్యలో పడిందా, రిటర్న్ పార్ట్‌నర్ కాళ్ల దగ్గరికి వచ్చేస్తుంది.