నెత్తళ్ల కోసం కోర్టుకెక్కిన పెంగ్విన్ల కథ

పెంగ్విన్ అంటే మనకు టీవీలో మంచుగడ్డ మీద ఊగుతూ నడిచే పక్షే గుర్తొస్తుంది. ఉన్నవి 18 జాతులు. వాటిలో మంచులో బతికేవి కొన్నే. దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లో ఉండే ఆఫ్రికన్ పెంగ్విన్‌కి మంచుతో పనే లేదు. ఎండలో, ఇసుకలో, బండల సందుల్లో కాపురం చేస్తుంది. దాని తిండి మన నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె, ముత్తుకూరు వైపు వాళ్లకు కొత్తదేం కాదు. మన కవళ్లు, నెత్తళ్ల కోవకు చెందిన చేపలే.

ఆ చేపల కోసమే గొడవ కోర్టుదాకా వెళ్లింది. ఆరు పెంగ్విన్ కాలనీల చుట్టూ ఉన్న సముద్రంలో పదేళ్లపాటు పెద్ద బోట్లు వలలు వేసి ఈ చేపలు పట్టకూడదని 2025 మార్చిలో ప్రిటోరియా హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. పక్షుల సంఘాలు, చేపల కంపెనీలు రాజీకి వచ్చాక వెలువడిన ఉత్తర్వు ఇది. అక్కడిదాకా రావడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

మొదట పోయింది ఇల్లు. వందల ఏళ్లుగా దీవుల్లో పేరుకున్న పక్షి రెట్టలో బొరియలు తవ్వుకుని పెంగ్విన్లు గుడ్లు పెట్టేవి. అది పొలాలకు మంచి ఎరువని యూరప్‌లో తెలిసింది. ఇక ఆగుతారా? 1840లలో నమీబియా పక్కన ఇచాబో అనే చిన్న దీవికి వందల ఓడలు వచ్చి, రెండు మూడేళ్లలో బండ తేలేదాకా తవ్వుకుపోయాయి. మిగతా దీవులదీ అదే గతి. బొరియ లేని పెంగ్విన్ నేల మీదే గుడ్లు పెట్టి, ఎండకు తాళలేక లేచిపోతే గుడ్లు సముద్రపు కాకుల పాలు. ఆ తర్వాత గుడ్ల మీదే పడ్డారు. లక్షల గుడ్లు ఏరి అమ్ముకున్నారు. 1960ల చివర్లో గానీ ఆ వ్యాపారం ఆగలేదు.

తర్వాత చమురు. 2000 జూన్‌లో ట్రెజర్ అనే ఓడ కేప్‌టౌన్ దగ్గర మునిగి, సుమారు 19,000 పెంగ్విన్లకు చమురు అంటుకుంది. వేలమంది వచ్చి ఒక్కోదాన్నీ పట్టుకుని కడిగారు. చమురు అంటని మరో 19,500 పక్షులను లారీల్లో ఎక్కించి వందల కిలోమీటర్ల దూరంలోని పోర్ట్ ఎలిజబెత్ దగ్గర సముద్రంలో వదిలారు. అవి ఈదుకుంటూ ఇంటికి వచ్చేలోపు ఇక్కడ నీళ్లు శుభ్రం చేయొచ్చని లెక్క. లెక్క తప్పలేదు. ఇంతమందిని కదిలించిన పక్షుల రక్షణ పని బహుశా ఇంకోటి లేదు.

అయినా సంఖ్య పడిపోతూనే ఉంది. కారణం ఆకలి. పెంగ్విన్ ఏడాదికోసారి ఒంటి మీది ఈకలన్నీ ఒకేసారి రాల్చుకుంటుంది. కొత్తవి వచ్చేదాకా, దాదాపు మూడు వారాలు, నీళ్లలోకి దిగలేదు. అంతకు ముందే కడుపారా తిని కొవ్వు పట్టాలి, లేదంటే గట్టు మీదే చావాలి. దక్షిణాఫ్రికా పడమటి తీరంలోని డాసెన్, రాబెన్ దీవుల్లో 2004 నుంచి 2011 మధ్య సుమారు 62,000 పెంగ్విన్లు ఇలా తిండిలేక చచ్చిపోయి ఉంటాయని 2025లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా. ఆ ఏళ్లలో కవళ్లు బాగా తగ్గిపోయాయి. నీటి వేడి, ఉప్పదనం మారడంతో చేప తూర్పుకు జరిగింది. ఫ్యాక్టరీలూ బోట్లూ మాత్రం పడమటనే ఉండిపోయాయి. 2024 అక్టోబరులో ఈ జాతిని అంతరించే అంచున ఉన్నవాటి జాబితాలో చేర్చారు. మిగిలింది పదివేల జంటల లోపే.

అక్కడ పట్టే నెత్తళ్లలో ఎక్కువ భాగం మనుషులు తినరు, చేపపొడికీ చేపనూనెకీ పోతుంది. ఇక్కడే ఇందుకూరుపేట, విడవలూరు రొయ్యల రైతు చెవి నిక్కించాలి. మన ఫీడ్ బస్తాలో దక్షిణాఫ్రికా చేప ఉందని నేననడం లేదు. మనకు వచ్చే పొడి చాలావరకు కర్ణాటక వైపు కవళ్లది. కానీ వనామి రొయ్యల ఫీడ్‌లో మామూలుగా చేపపొడి, చేపనూనె ఉంటాయి. పెంగ్విన్ నోటి దగ్గరి చేపనీ, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే మన చెక్ ట్రేలో మిగిలిన మేతనీ కలిపి చూసే అలవాటు మనకింకా రాలేదు.

పోలిక ఇంకోటి కూడా ఉంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మన తీరంలో వేట ఆపుతాం. మనది కాలానికి పెట్టిన నిషేధం, వాళ్లది చోటుకి పెట్టినది. పిల్లలున్న పెంగ్విన్ దూరం పోలేదు, గూటికి దగ్గర్లోనే చేప దొరకాలి. తమిళనాడు నుంచి వచ్చే సోనా అనే పెద్ద మరబోట్లు ఒడ్డు దాకా వచ్చి ఊడ్చుకుపోతున్నాయని మన మత్స్యకారులు మొత్తుకునేదీ ఇదే. చిన్న పడవ కూడా దూరం పోలేదు కదా. అందుకే అక్కడి కంపెనీల వాదన నాకు అంతగా ఎక్కలేదు. దీవుల చుట్టూ వేట ఆపినా ఒరిగేది కొంచెమేనని వాళ్లు 2008లో అలా వేట ఆపి చూసే ప్రయోగాలు మొదలైనప్పటినుంచీ అంటూనే ఉన్నారు. కొంచెమే కావచ్చు, ప్రభుత్వం చేతిలో ఉన్నది అదొక్కటే. చేపను తిరిగి పడమటికి రమ్మని చెప్పడం ఏ కోర్టు వల్లా కాదు.

చేప ఉన్నచోటికే పక్షిని రప్పించే ప్రయత్నమూ జరుగుతోంది. డి హూప్ అనే తీరంలో సిమెంటు పెంగ్విన్ బొమ్మలు నిలబెట్టి, మైకుల్లో పెంగ్విన్ల అరుపులు వినిపించారు. పక్షుల సంరక్షణ కేంద్రంలో పెంచిన పిల్లలను తెచ్చి వదిలారు. 2022లో అక్కడ కొన్ని జంటలు గూళ్లు పెట్టుకున్నాయి.